దండేలి రాఫ్టింగ్: భయపడాల్సింది నురగకి కాదు

నీళ్ళు తెల్లగా నురగ కక్కుతుంటే ఒడ్డునే ఆగిపోతాం. కదలకుండా పచ్చగా కనిపిస్తే చెప్పులు విడిచి దిగిపోతాం. నీళ్ళలో మునిగి చనిపోయినవాళ్ళ వార్తలు రోజూ పేపర్లో చదివేవాళ్ళకి ఈ అలవాటు ఎంత తలకిందులుగా ఉందో తెలుస్తుంది. చెరువు, చెక్‌డ్యామ్, ఇసుక తవ్విన గుంట, స్నానాల రేవు పక్కన లోతు, కాలవ గట్టు. ఆ వార్తల్లో ఎప్పుడూ ఇవే చోట్లు. కొండ ఏటి ఉరవడిలో లైఫ్ జాకెట్ వేసుకుని పోయినవాళ్ళ గురించి చదివిన గుర్తు నాకైతే లేదు. అయినా "రాఫ్టింగ్‌కి వెళ్తున్నాం" అనగానే ఇంట్లో పెద్దవాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది. అదే "పాపికొండలు వెళ్తున్నాం" అంటే పులిహోర కట్టిస్తారు.

గాలి నింపిన రబ్బరు పడవలో, ఉరవడి ఏట్లో తెడ్లు వేసుకుంటూ పోయే ఈ రాఫ్టింగ్‌ని వెనకేసుకు రావడానికే ఇది రాస్తున్నాను. అయితే దాన్ని పిల్లలాటగా అమ్ముతున్నవాళ్ళ మీద కూడా నాకు కోపం ఉంది. ఆ సంగతీ వస్తుంది.

మా పెద్దనాన్నది ధవళేశ్వరం. కుర్రతనంలో లంకలకి ఈదుకుంటూ వెళ్ళొచ్చిన మనిషి, నీళ్ళంటే తెలియక మాట్లాడే రకం కాదు. నేను దండేలి దగ్గర కాళీ నదిలో రాఫ్టింగ్‌కి వెళ్తున్నానని తెలిసి ఫోన్ చేశాడు. "ఒరేయ్, డబ్బులిచ్చి మరీ సుడిలో పడ్డమేంట్రా? గోదారొడ్డున పుట్టినోడివి, నీళ్ళతో ఆటలేంటి?" అదే వారం బుకింగ్ కోసం ఒక రిసార్ట్‌కి ఫోన్ చేస్తే అవతలి కుర్రాడు హిందీలో, మధ్యమధ్య వచ్చిన తెలుగు ముక్కలు కలుపుతూ, "ఏం కాదు సార్, ఈత రాకపోయినా పర్లేదు, ఫుల్ ఎంజాయ్" అన్నాడు. పెద్దనాన్న మాటకీ ఈ కుర్రాడి మాటకీ పొత్తు లేదనిపిస్తుంది. కానీ ఇద్దరూ ఒకటే వదిలేస్తున్నారు. నది ప్రమాదకరమా కాదా అన్నది నురగని చూసి తేలదు. ఆ నీళ్ళు ఎప్పుడు పెరుగుతాయో, ఎక్కడ ఎలా తిరుగుతాయో తెలిసిన మనిషి మన పక్కన ఉన్నాడా, అతని మాట మనం వింటున్నామా అన్న దాన్నిబట్టి తేలుతుంది.

ముందు నది సంగతి. దండేలి రాఫ్టింగ్ అని అందరం అంటాం గానీ అది జరిగేది దండేలి ఊళ్ళో కాదు. అక్కడికి ఇంచుమించు పాతిక కిలోమీటర్ల దూరంలో, కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా జోయిడా తాలూకాలో గణేశ్‌గుడి అనే చిన్న ఊరి దగ్గర. హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళు రైల్లోనో బస్సులోనో హుబ్బళ్ళి దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి కారు మాట్లాడుకుంటారు. శుక్రవారం రాత్రి బయలుదేరి సోమవారం పొద్దున ఆఫీసులో ఉండొచ్చు కాబట్టి మనవాళ్ళకి ఆ చోటు బాగా అచ్చొచ్చింది. శనివారం పొద్దున రేవు దగ్గర నిలబడితే కన్నడం, మరాఠీతో పాటు తెలుగు కూడా గట్టిగానే వినిపిస్తుంది.

కాళీ పుట్టిన చోటి నుంచి సముద్రం దాకా అంతా ఒకే జిల్లాలో పారుతుంది. జోయిడా అడవుల్లో పుట్టి, 184 కిలోమీటర్లు పోయి, కార్వార్ దగ్గర అరేబియా సముద్రంలో కలుస్తుంది. దారిలో ఎక్కువ భాగం దట్టమైన అడవి. దండేలి-అణశి పులుల అభయారణ్యానికి 2015లో ఈ నది పేరే పెట్టి కాళీ టైగర్ రిజర్వ్ అన్నారు. నల్ల చిరుతలకి, పెద్ద ముక్కున్న హార్న్‌బిల్ పక్షులకి ఆ అడవి పేరు మోసింది. ఇదంతా చదివి, ఏదో అనాదిగా తన ఇష్టం వచ్చినట్టు పారుతున్న అడవి నది అనుకుని వెళ్ళేవాళ్ళే ఎక్కువ. అక్కడ అడవి అసలైనదే. నది మాత్రం డ్యూటీ చేస్తుంది.

గణేశ్‌గుడికి ఎగువనే సుపా డ్యామ్ ఉంది. ఎత్తు 101 మీటర్లు. కట్టడం 1987 నాటికి పూర్తయింది. ఆ నీళ్ళ కింద సుపా అనే ఊరే మునిగిపోయింది. అక్కడి కుటుంబాల్ని రామనగర్‌కి తరలించారు, తాలూకా కేంద్రం జోయిడాకి మారింది. పోలవరం ముంపు మండలాల గురించి తెలిసినవాళ్ళకి ఈ కథలో కొత్తేమీ ఉండదు. డ్యామ్ కాళ్ళ దగ్గర 100 మెగావాట్ల విద్యుత్ కేంద్రం. అందులోంచి బయటికొచ్చిన నీళ్ళు గణేశ్‌గుడి మీదుగా కొన్ని కిలోమీటర్లు పారి బొమ్మనహళ్ళి జలాశయంలో చేరతాయి, అక్కణ్ణుంచి సొరంగంలో నాగ్‌ఝరి విద్యుత్ కేంద్రానికి వెళ్తాయి. ఇంకా దిగువన కొడసళ్ళి, కద్రా డ్యాములు. కద్రా పక్కనే కైగా అణు విద్యుత్ కేంద్రం. చిన్న నదికి పెట్టాల్సిన పనికంటే ఎక్కువే పెట్టారు.

మనం రాఫ్ట్ వేసుకుని వెళ్ళేది ఈ సుపాకీ బొమ్మనహళ్ళికీ మధ్య ముక్కలోనే. అంటే రాష్ట్రానికి కరెంటు కావాల్సి వచ్చి సుపా టర్బైన్లు తిప్పినప్పుడే ఆ ఏటికి వడి వస్తుంది. టర్బైన్లు ఆగితే బండలు తేలి, మధ్యలో మడుగులు మిగులుతాయి. పశ్చిమ కనుమల్లో చాలా నదులు మే నెలకి సన్నబడి పోతుంటే గణేశ్‌గుడిలో మాత్రం నడి వేసవిలోనూ రాఫ్టింగ్ నడుస్తుంది. కారణం ఇదే. ఎండలు పెరిగేకొద్దీ ఏసీలు పెరుగుతాయి, కరెంటు వాడకం పెరుగుతుంది. తమాషా ఏమిటంటే వానాకాలంలో, అంటే నది నిండుగా ఉంటుందని మనం అనుకునే రోజుల్లో, ఇక్కడ రాఫ్టింగ్ మామూలుగా ఆపేస్తారు. డ్యామ్ నీళ్ళు దాచుకునే కాలం అది. పైగా పక్క వాగుల్లోంచి వచ్చే వరద ఎవరి చెప్పుచేతల్లోనూ ఉండదు.

ఇది చెప్తే కొందరు మిత్రులు మొహం ముడుచుకుంటారు. "అంటే డ్యామ్ వాళ్ళు వదిలిన నీళ్ళలో ఆడుకోవడమా? ఇంకేం అడ్వెంచర్?" అని. నాకు అలా అనిపించలేదు. నిజం చెప్పాలంటే అది తెలిశాకే ధైర్యం వచ్చింది. ఎంత నీరు వదిలారో, ఎప్పుడు వదిలారో తెలిసిన నది మీద గైడ్‌కి ప్రతి బండా పరిచయమే. నిన్నటి మట్టంలో ఏ బండ మునిగింది, ఇవాళ ఏది తేలింది అన్నది అతనికి కంఠోపాఠం. మన ప్రాణం నిలబడేది ఆ ఎరుక మీద. ప్రకృతితో ముఖాముఖి పోరాటం లాంటి మాటలు ఫొటోల కింద రాసుకోవడానికి బాగానే ఉంటాయి.

రాపిడ్స్, అంటే ఏరు వడిగా నురగ కక్కుతూ దూకే చోట్లు, ఎలా పుడతాయో కొంచెం తెలిస్తే చాలా భయం పోతుంది, దానికి బదులు పనికొచ్చే భయం వస్తుంది. వాలు పెరిగినా, ఒడ్లు దగ్గరపడినా, అడుగున బండలున్నా నీళ్ళకి వడి వస్తుంది. ఒక ఘనపు మీటరు నీళ్ళు టన్ను బరువు. వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. నడుం లోతు ఏట్లో నిలబడ్డ మనిషి పడిపోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. రెండు బండల మధ్య నీళ్ళు దిగువకి మొన తేలిన కోణంలా సాగుతుంటే అది దారి. ఆ మొన ఎగువకి తిరిగి ఉంటే దాని కింద బండ ఉన్నట్టు. బండ వెనకాల నీళ్ళు ఆగి, కొంచెం వెనక్కి కూడా నడుస్తాయి. గైడ్లు రాఫ్ట్ ఆపుకునేది అక్కడే. వెనకొచ్చే రాఫ్ట్ క్షేమంగా దిగేదాకా చూస్తూ ఉంటారు.

వీటన్నిటిలో గౌరవించాల్సింది హోల్. నీళ్ళు మునిగిన బండ మీంచి దూకి కిందికి పోయి, పైకి లేచి, మళ్ళీ బండ వైపే తిరుగుతాయి. అందులో పడ్డ వస్తువు కవ్వం కింద వెన్నముద్దలా అక్కడక్కడే తిరుగుతుంది. నురగలో సగం గాలే కాబట్టి మామూలు నీళ్ళు తేల్చినంతగా అది మనిషిని తేల్చదు. అయితే ప్రకృతిలో ఉండే హోల్‌కి సాధారణంగా పక్కలు ఉంటాయి. బండ ఎక్కడో ఒకచోట అయిపోతుంది, అక్కడ నీళ్ళు జారిపోతాయి, వాటితో పాటు మనిషీ బయటపడతాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మన ఊరి చెక్‌డ్యామ్ దగ్గరికి వెళ్ళినప్పుడు మళ్ళీ కావాలి.

రాపిడ్స్‌కి ఒకటి నుంచి ఆరు వరకు గ్రేడ్లు ఉన్నాయి. ఒకటంటే అలలు కూడా సరిగ్గా లేని పారకం. ఆరంటే ఎంత నేర్చినవాళ్ళైనా ప్రాణం మీద ఆశ వదులుకుని దిగాల్సింది. గణేశ్‌గుడిలో ఉండేవి రెండు, మూడు. మొదటిసారి వెళ్ళినవాళ్ళకి మూడో గ్రేడ్ అలే కొండంత కనిపిస్తుంది. ఒళ్ళు తడిసి, చెవుల్లో హోరు నిండి, రాఫ్ట్ ముందు భాగం గాల్లోకి లేచి ధబ్‌మని పడుతుంది. ఆ క్షణంలో "ఇది మూడే కదా" అని ఎవరికీ తట్టదు. తట్టనక్కర్లేదు. తట్టాల్సింది గైడ్ ఏమన్నాడన్నదే.

ఇక్కడ మనవాళ్ళతో ఒక చిక్కుంది. మనకి గుంపులో ఒకడి మాట వినడం రాదు. ఆఫీసులో మేనేజర్, ఇంట్లో పెద్దల్లుడు, కాలేజీలో సీనియర్, అందరూ ఒకే రాఫ్ట్ ఎక్కుతారు. వెనక కూచున్న గైడ్ ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. నేపాల్ నుంచి వచ్చినవాడో, జోయిడా చుట్టుపక్కల పల్లెవాడో. వాడు "ఫార్వర్డ్" అంటే అందరూ తెడ్డు ముందుకి వెయ్యాలి, "బ్యాక్" అంటే వెనక్కి, "స్టాప్" అంటే ఆపెయ్యాలి, "గెట్ డౌన్" అంటే రాఫ్ట్ లోపలికి కూలబడి తాడు పట్టుకోవాలి. ఇందులో చర్చకి చోటు లేదు. "అటు పోతే బాగుంటుందేమో తమ్ముడూ" అని సలహా ఇచ్చే లోపు ఆ "అటు" అయిపోతుంది. మా రాఫ్ట్‌లో ఒక పెద్దమనిషి, పదిమందిని అదిలించే ఉద్యోగం చేస్తున్నవాడు, మొదటి రాపిడ్ దాకా తన సొంత పద్ధతిలో తెడ్డు వేశాడు. రాపిడ్ అయ్యాక గైడ్ నవ్వుతూనే, "సార్, ఆప్ కా పావర్ ఉల్టా జా రహా హై" అన్నాడు. మీ బలమంతా ఎదురు తిరుగుతోంది సార్ అని. ఆ తర్వాత ఆయన బుద్ధిగా వేశాడు.

అన్నిటికంటే అసహజంగా అనిపించే ఆజ్ఞ "హై సైడ్". రాఫ్ట్ వెళ్ళి బండకి పక్కవాటుగా తగిలిందనుకోండి. మనిషి ఒళ్ళు తనంతట తాను బండకి దూరంగా, వెనక్కి జరుగుతుంది. అలా జరిగితే ఎగువ అంచు నీళ్ళలోకి వంగి, ప్రవాహం దాని మీంచి ఎక్కి, రాఫ్ట్‌ని బండకి చుట్టేస్తుంది. అందుకే అందరూ ఏ బండని చూసి భయపడుతున్నారో ఆ బండ వైపే దూకాలి. ఒళ్ళు చెప్పేదానికి సరిగ్గా ఎదురు పని. ఆలోచించి చేసే వ్యవధి ఉండదు, చెప్పగానే చెయ్యాలి. ఇది ఒడ్డున ఉన్నప్పుడే ఒకటికి రెండుసార్లు చేయించని గైడ్‌తో నేనైతే నీళ్ళలోకి వెళ్ళను.

అడవి నది కాబట్టి ఇంకొక ప్రమాదం కూడా ఉంది. దాని గురించి బ్రోషర్లో ఉండదు. కాళీ మధ్యలో చిన్నచిన్న లంకలు, వాటి మీద చెట్లు, ఒడ్డున వెదురు పొదలు నీళ్ళ మీదికి వాలి ఉంటాయి. చూడ్డానికి ఎంతో బాగుంటాయి. నీళ్ళలో పడ్డ మనిషికి ఆశగా కూడా కనిపిస్తాయి, కొమ్మ దొరికింది కదా అని. కానీ కొమ్మల సందుల్లోంచి నీళ్ళు పోతాయి, మనిషి పోడు. వెనకనించి టన్నుల నీళ్ళు తోస్తుంటే ఆ కొమ్మలకి అతుక్కుపోతాడు. బండకి తగిలితే ఒళ్ళు గీరుకుపోతుందేమో, మునిగిన చెట్టుకి తగిలితే బయటికి రావడమే కష్టం. గైడ్లు వెదురు వైపు కొట్టుకుపోతున్న రాఫ్ట్‌ని మధ్యకి లాగడానికి గొంతు చించుకునేది అందుకే. ఏటి మధ్య రాపిడ్‌లో "వావ్" అని అరిచే మనం, ఒడ్డు దగ్గర చెట్టు నీడలో హాయిగా ఉందనుకునే చోట గైడ్ మొహం బిగుసుకోవడం గమనించం.

ఈత సంగతికొస్తే, రిసార్ట్ కుర్రాడు అన్నది అబద్ధం కాదు. ఈత రానివాళ్ళు కూడా ఈ గ్రేడ్‌లో వెళ్ళొచ్చు. తేల్చేది జాకెట్టే. కానీ ఆ మాట అంతటితో ఆపడమే తప్పు. స్విమ్మింగ్ పూల్‌లో నేర్చిన ఈత ఏట్లో చాలాసార్లు అడ్డం వస్తుంది. పూల్ అలవాటున్నవాడు పడగానే బోర్లా తిరిగి ఒడ్డుకేసి ఎదురీదబోతాడు, అలిసిపోతాడు. లేదా కాళ్ళు అందగానే లేచి నిలబడతాడు. పారే నీళ్ళలో నిలబడటం అన్నిటికంటే చెడ్డ పని. పాదం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే, వెనకనించి నీళ్ళు మనిషిని ముందుకి వంచేస్తాయి. మోకాలు దాటిన లోతు చాలు, జాకెట్ ఉన్నా తల పైకి రాదు. పడితే వెల్లకిలా తేలాలి, కాళ్ళు దిగువకి, కాలివేళ్ళు నీటిపైకి. బండ వస్తే పాదాలు తగులుతాయి, తల తగలదు. గైడ్ లోపల తాడు పెట్టిన సంచి విసిరితే సంచిని కాకుండా తాడుని పట్టుకోవాలి, దాన్ని చేతికి మాత్రం చుట్టుకోకూడదు. ఇంతే విద్య. పావుగంటలో చెప్పొచ్చు, ఒడ్డున నిమ్మళంగా ఉన్న నీళ్ళలో ఒకసారి చేయించొచ్చు. మా పెద్దనాన్నకి ఇది వివరిస్తే చాలాసేపు విని, "అవున్రా, మేమూ గోదారికి అడ్డం పడేవాళ్ళం కాదు, ఏటవాలుగా పోయేవాళ్ళం, దిగువన ఎక్కడో తేలేవాళ్ళం" అన్నాడు. నదితో పెరిగినవాళ్ళకి ఈ సంగతి ముందే తెలుసు. అపార్ట్‌మెంట్ పూల్‌లో నేర్చిన మన తరానికే చెప్పాల్సి వస్తోంది.

ఇక నిమ్మళమైన నీళ్ళ దగ్గరికొద్దాం. దూరం పోనక్కర్లేదు, అదే కాళీ నదిలో మొదలుపెడదాం. దండేలి ఊరి దగ్గర నది వెడల్పుగా, నిదానంగా పోతుంది. గణేశ్‌గుడి హోరు విని వచ్చినవాళ్ళకి అక్కడ కాళ్ళు పెట్టాలనిపిస్తుంది. ఆ నిదానపు నీళ్ళలోనే మొసళ్ళున్నాయి. ఊళ్ళోవాళ్ళు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు.

2014 జూన్ 8. హిమాచల్ ప్రదేశ్‌లో మండి జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నది. హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు బస్సు దిగి ఫొటోల కోసం నదిలో బండల మీదికి వెళ్ళారు. ఆ వేళకి అక్కడ పెద్దగా నీళ్ళు లేవు. ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు గేట్లు తెరిచారు. ఇరవై నలుగురు విద్యార్థులు, వాళ్ళతో వెళ్ళిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. ఆ వీడియో చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. బండ మీద గుంపుగా ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు, చుట్టూ నీళ్ళు పెరుగుతున్నాయి. ఆ పిల్లలు సాహసం చెయ్యడానికి వెళ్ళలేదు. సాహసం అనిపించని చోటుకే వెళ్ళారు. హిమాచల్ హైకోర్టు తర్వాత పరిహారం చెల్లించమని ఆదేశించింది. అందులో విద్యుత్ బోర్డుకీ కాలేజీకీ రాష్ట్ర ప్రభుత్వానికీ వాటా వేసింది.

సుపాలోనూ లార్జీలోనూ జరిగేది ఒకటే. కరెంటు లెక్కనిబట్టి నీళ్ళు వదులుతారు, దిగువన ఏరు ఒక్కసారిగా లేస్తుంది. గణేశ్‌గుడిలో ఆ కబురు ముందే తెలిసిన మనుషులున్నారు, దాని చుట్టూ బతుకుతెరువే కట్టుకున్నారు. థలౌట్‌లో ఆ కబురు ఆ పిల్లలకి చేరలేదు. అందుకే గణేశ్‌గుడిలో తెల్ల నీళ్ళ మీద తేలిన మనిషి కంటే, ఏదో డ్యామ్ దిగువన ఎండిన రాళ్ళ మీద సెల్ఫీ దిగుతున్న మనిషి ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడని నేనంటాను. శ్రీశైలం, సాగర్ దిగువన రాళ్ళ మీదికి వెళ్ళే కుటుంబాల్ని చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

2017 నవంబర్‌లో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి కార్తీక మాసంలో వచ్చినవాళ్ళు. అక్కడ బండలు లేవు, రాపిడ్స్ లేవు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు. వరద గోదావరి మీద 77 మందితో వెళ్ళిన పర్యాటక బోటు మునిగి 51 మంది చనిపోయారు, గల్లంతయ్యారు. బోటు అడుగుకి పోయింది. కాకినాడ ధర్మాడి సత్యం బృందం దాన్ని పైకి తీసేసరికి నెల దాటింది. ఒడ్డునించి చూస్తే కచ్చులూరు దగ్గర గోదావరి పెద్దగా నురగ కక్కదు. సుడులన్నీ లోపలే. తెల్లగా కనిపించే ప్రమాదానికి మనిషి జాకెట్ బిగించుకుంటాడు. కనిపించనిదానికి జాకెట్ తీసి పక్కన పెట్టి భోజనానికి కూచుంటాడు.

ఇందాక గుర్తుంచుకోమన్నది ఇప్పుడు చెప్తాను. చెక్‌డ్యామ్ మీంచి వానాకాలం నీళ్ళు పొర్లుతుంటే కింద జరిగేది హోల్‌లో జరిగేదే. ఎత్తు నాలుగడుగులే ఉండొచ్చు. కానీ ప్రకృతి బండకి చివరలు ఉన్నట్టు దీనికి లేవు. ఇంజనీరు గీత గీసి ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఒకే మట్టంలో కట్టాడు కాబట్టి, సుడి కూడా ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఒకే తీరుగా ఉంటుంది. పక్కకి జారిపోయే సందు ఎక్కడా ఉండదు. రాఫ్టింగ్ గైడ్లు నాలుగో గ్రేడ్ రాపిడ్ దిగుతారు గానీ ఇలాంటి చిన్న ఆనకట్ట కనిపిస్తే రాఫ్ట్ మోసుకుని ఒడ్డున నడుస్తారు. మన దగ్గర ఆదివారం నాడు పిల్లల్ని తీసుకెళ్ళి సరిగ్గా దాని కిందే కూచోబెడతాం, జలపాతంలా ఉందని.

ఇంతా చెప్పి రాఫ్టింగ్ నడిపేవాళ్ళకి కితాబివ్వబోతున్నానని అనుకోకండి. రద్దీ పెరిగాక వాళ్ళూ మన పడవలవాళ్ళ దారిలోకే వస్తున్నారు. ఒక లాంగ్ వీకెండ్‌కి వెళ్ళినప్పుడు, పేరు ఎందుకులెండి, ఒక నిర్వాహకుడి రాఫ్ట్‌లో ఆరుగురి చోట పదిమందిని ఎక్కించడం చూశాను. మధ్యలో కూచున్నవాళ్ళకి తెడ్లు లేవు, అంచు తాడు అందదు. బరువెక్కిన రాఫ్ట్ చెప్పినట్టు తిరగదు. ఒడ్డున చెప్పాల్సిన పావుగంట పాఠం ఐదు నిమిషాలకి కుదించి, అందులోనూ సగం జోకులే చెప్పారు. జాకెట్లలో కొన్నిటికి బకిల్ విరిగితే తాడుతో ముడేశారు. మనవాళ్ళ వంతు మనవాళ్ళదీ ఉంది. "అన్నా, బోటు తిప్పెయ్ అన్నా, వీడియో తీస్తున్నాం" అని గైడ్‌ని బతిమాలే బ్యాచ్‌లు ఉన్నాయి. టిప్పు వస్తుందని గైడ్ తిప్పేస్తాడు. హెల్మెట్ జుట్టు పాడుచేస్తుందనేవాళ్ళు, రాత్రి తాగినది దిగకుండానే వచ్చేవాళ్ళు, ఎవరూ ఏమీ అనరు. "ఏం కాదు సార్" అన్న మాట ముందు కస్టమర్ నమ్ముతాడు. కొన్నాళ్ళకి చెప్పేవాడే నమ్ముతాడు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

అందుకే బుక్ చేసే ముందు రేటు కంటే ముందు అడగాల్సినవి కొన్నున్నాయి. రాఫ్ట్‌కి గైడ్ కాకుండా ఎంతమంది? వెనక ఇంకో రాఫ్ట్ గానీ, కయాక్ అనే సన్నటి చిన్న పడవ గానీ వస్తుందా, ఒక్కటే పోతుందా? రేపు నీళ్ళు ఎన్నింటికి వదులుతారు, ఆ సంగతి మీకు ఎవరు చెప్తారు? ఈ చివరి ప్రశ్నకి తడుముకోకుండా జవాబిచ్చేవాడికి నది తెలుసు. "అదంతా మేం చూసుకుంటాం సార్" అనేవాడికి నది తెలియకపోవచ్చు, రిసార్ట్ తెలుసు. పదిహేను వందలో రెండు వేలో ఇస్తున్నప్పుడు ఇవి అడగడానికి మొహమాటం ఎందుకు? బిర్యానీలో ముక్కలెన్ని అని అడుగుతాం కదా.

పెద్దనాన్న ఇప్పటికీ రాఫ్టింగ్ మంచిదని ఒప్పుకోడు. పోయినేడు ఆయన, మా అత్తయ్యలు, పిల్లలు కలిసి పాపికొండలు వెళ్తే నేనూ వెళ్ళాను. కచ్చులూరు తర్వాత ప్రభుత్వం కంట్రోల్ రూములు పెట్టింది, ఎక్కేటప్పుడు అందరికీ జాకెట్లు ఇస్తున్నారు. అది మంచిదే. కానీ బోటు కదిలిన అరగంటకి సగం జాకెట్లు విప్పి కుర్చీల మీద వేశారు. వేసుకున్నవాటికీ పట్టీలు వేలాడుతున్నాయి. బిగించని జాకెట్ నీళ్ళలో పడగానే చెవుల మీంచి పైకి పోతుంది, మనిషి కిందికి పోతాడు. గణేశ్‌గుడిలో గైడ్ ప్రతి ఒక్కరి భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగి చూస్తాడు. గడ్డం దాటి లేస్తే మళ్ళీ బిగిస్తాడు. మొత్తం రాఫ్ట్‌కి రెండు నిమిషాల పని. మా బోటులో నేనే మా పిల్లలకీ అత్తయ్యలకీ అలా లాగి చూశాను. వెనక సీట్లవాళ్ళు కాసేపు నవ్వి, తర్వాత వాళ్ళ పిల్లలవి కూడా చూడమన్నారు. సరంగుని కూడా అందరికీ అలా చెయ్యమని అడిగాను. "ఇది గోదారండీ, మీ రాఫ్టింగు కాదు" అన్నాడు. అందుకే కదా అడుగుతున్నాను అన్నాను.